కొండగట్టు ఎక్కని చెవుల బండి

మా జగిత్యాలలో ఊరి బయట బ్రిడ్జి ఎక్కే ఎత్తు ఒకటుంది. నా బతుకులో సగం ఆ ఎత్తు మీదే గడిచింది. కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను అక్కడికి తీసుకుపోయి, నడి ఎత్తులో బండి ఆపించి, మళ్లీ ముందుకు పోనివ్వమంటాను. అంతే, బండి వెనక్కి జారడం మొదలుపెడుతుంది. అమ్మో అని స్టీరింగ్ వదిలేసేవాళ్లున్నారు, కళ్లు మూసుకునేవాళ్లున్నారు, దేవుళ్లను పిలిచేవాళ్లకయితే లెక్కే లేదు. నేను కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి కాబట్టి ఇద్దరం ప్రాణాలతో ఇంటికొస్తాం.

"క్లచ్ ఒక్కసారి ఇడువకమ్మా, జర జర ఇడువు. బండి వణికినట్టు అయితది, గక్కడ ఆపు." ఈ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటానో. నిద్రలో కూడా అంటానని మా ఆయన వెక్కిరిస్తాడు. రోజంతా ముందు రోడ్డు కంటే పక్క మనిషి పాదాలనే ఎక్కువ చూస్తాను. ఏ కాలు ఎప్పుడు తడబడుతుందో ముందే కనిపెట్టడమే నా పని. సాయంత్రానికి నా ఎడమ కాలు మొద్దుబారిపోయి ఉంటుంది. ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంటే టీ పెట్టుకోవడానికి కూడా లేవబుద్ధి కాదు. ఎవరైనా పెట్టిస్తే బాగుండు అనుకుంటాను, ఎవరూ పెట్టరు, నేనే లేస్తాను.

ఈ పని నాకు నేర్పింది మా ఆయనే. పెళ్లయిన కొత్తలో లారీ తోలేవాడు, సిరిసిల్ల బట్ట మూటలు వేసుకుని మహారాష్ట్రలోని భివండి దాకా. తర్వాత కిరాయి జీపు, ఆ తర్వాత కారు, చివరికి ఈ డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు గది, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ట్రాఫిక్ గుర్తుల చార్టు, బయట ఒక తెల్ల కారు. ఆడవాళ్లకు నేర్పడానికి ఆడమనిషి ఉంటే మంచిదని నాకు నేర్పాడు. అప్పుడు మా ఇంటి ముందు ఎంత నవ్వులాట అయ్యిందో. ఇప్పుడు ఆ నవ్వినవాళ్ల కోడళ్లకు నేనే నేర్పుతున్నాను.

ఏళ్ల తరబడి సీటు మీద కూర్చుని కూర్చుని ఆయన నడుములో నరం ఒత్తుకుపోయింది. ఆపరేషన్ చేశారు. నొప్పి పోయింది గానీ ఎడమ కాలు తిరిగి రాలేదు. పాదం పైకి లేవదు, నేలకు రాసుకుంటూ నడుస్తాడు. క్లచ్ తొక్కే బండ్లు ఇక వద్దని డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఊరికే కూర్చున్న డ్రైవర్‌తో కాపురం చేసి చూడండి, తెలుస్తుంది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి వీధిలో పోయే ఆటో హారన్ దాకా అన్నిటికీ కోపమే. నేను క్లాసుకు బయల్దేరుతుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని, నేను గేర్లు మార్చే చప్పుడు చెవి పెట్టి వినేవాడు. సాయంత్రం రాగానే, "సందు మొగన రెండో గేరు తొందరగ ఏసినవ్," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. జాలి కూడా వేసేది, కాని ఒళ్లు మండడమే ముందు.

"గేర్ల పని లేని బండ్లు అస్తున్నయ్ గదా. క్లచ్ తొక్కేది లేదు, గేరు ఏసేది లేదు. గదొకటి తీస్కుందాం," అన్నాను ఒకరోజు.

"గేరు ఏయకుంటే గదేం డ్రైవరీ? బొమ్మ లెక్క కూసోవాలెనా?"

"కూసో మరి కుర్చీల, బొమ్మ లెక్కనే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాని అలసిపోయి వచ్చిన మనిషి నోరు ఆగదు. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే, "సిరిసిల్లకు పోదాం పా. ఒక బండి ఉన్నదట," అన్నాడు. మొహం చూస్తే పెళ్లిచూపులకు పోతున్నంత కళ ఉంది.

ఆ బండి రుద్రంగి దిక్కు ఊళ్లో ఒకప్పటి దొరల ఇంటిది. ఇప్పుడు వాళ్లు సిరిసిల్లలో వ్యాపారాలు చేసుకుంటున్నారు. మనుమడు హైదరాబాద్ నుంచి పాత స్పోర్ట్స్ కారు ఒకటి సరదాకు తెచ్చుకున్నాడు. ఎర్రది. నేలకు అతుక్కుపోయినట్టు ఉంటుంది, లోపల కూర్చోవాలంటే దాదాపు పడుకోవాలి. క్లచ్ పెడలు లేదు. గేరు మార్చడానికి స్టీరింగ్ వెనుక అటొకటి ఇటొకటి చెవుల్లాంటి పలకలున్నాయి. కుడి చెవి లాగితే గేరు ఎక్కుతుంది, ఎడమ చెవి లాగితే దిగుతుంది. మా ఆయన ఆ చెవులను అటూ ఇటూ లాగి చూసి, నా దిక్కు తిరిగి నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆ నవ్వు చూడడం నాకు అదే మొదటిసారి. ఇక ధర గురించి నన్నడగకండి, ఆ నవ్వు చూశాక నేను బేరం చేయలేకపోయాను.

"ఒక్కసారి నడిపి చూడు అన్నా," అన్నాడు ఆ అబ్బాయి.

"మంచిది దొరా," అన్నాడు మా ఆయన.

ఆ పిల్లవాడికి మా పెద్ద బిడ్డ వయసుంటుంది. ఒకప్పుడు ఆ ఊళ్లో వాళ్ల తాత ఎదురైతే మా మామ, అంటే మా ఆయన నాయిన, చెప్పులు చేతిలో పట్టుకుని పక్కకు నిలబడేవాడట. తిరిగొస్తూ, "దొరా అనుడెందుకయ్యా గా పిల్లగాన్ని?" అని అడిగాను. "నోట్లెకెళ్లి అచ్చింది. ఏం జేయాలె?" అని చెవి లాగి గేరు మార్చాడు. బండి ముందుకు దూకింది. నాకు భయమేసింది, నవ్వూ వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. క్లచ్ పెడలు లేదంటే క్లచ్చే లేదని కాదు. మామూలు బండికి ఉన్నట్టే లోపల ప్లేటు ఉంటుంది, మన కాలు చేసే పని మిషను చేస్తుంది, అంతే. ఆ మిషనుకు ఓపిక తక్కువ. సిరిసిల్లలో ఆ బండిని దోస్తుల పెళ్లి బరాతులకు తిప్పారు. పెళ్లికొడుకును కూర్చోబెట్టి, డీజే ముందు ఎగిరేవాళ్ల వెనుక అడుగులో అడుగు వేయించారు. క్లచ్చుకు అంతకంటే నరకం లేదు. దాన్ని మించింది ఒక్క ఎత్తే. ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు తొక్కి ఉంచాలి, హ్యాండ్‌బ్రేకు లాగాలి, కదిలేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా ఇచ్చి హ్యాండ్‌బ్రేకు వదలాలి. అలా కాకుండా యాక్సిలరేటర్ సగం తొక్కి పట్టుకున్నామనుకోండి, బండి ముందుకూ పోదు, వెనక్కీ జారదు, బుద్ధిగా నిలబడ్డట్టే ఉంటుంది. లోపల మాత్రం ప్లేటు రాసుకుని రాసుకుని కాలిపోతుంది. రోజూ బ్రిడ్జి ఎత్తు మీద నేను అరిచి అరిచి మాన్పించే తప్పు ఇదే.

ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోరుట్ల పోయాడు, పాత దోస్తుల అడ్డా మీదికి. కిరాయి కార్ల డ్రైవర్లంతా అక్కడే ఉంటారు. "ఏందన్నా, పెండ్లికొడుకు లెక్క అచ్చినవ్! వదినెను లేపుకపోతున్నవా?" అని ఒకడు, "మాకు గూడ జర సూపియ్యి," అని ఇంకొకడు చుట్టూ చేరారు. టీ కారులోకే తెప్పించుకున్నాడు. దిగలేదు. అందరూ చూస్తుంటే ఆ సీట్లోంచి దిగబుద్ధి కావడం లేదు కాబోలు అనుకున్నాను. ఒకటి రెండు చోట్ల బ్రేకు ఆలస్యంగా పడింది. "కొత్త బండి, అలవాటు కావాలె," అన్నాడు. నిజమే అనుకున్నాను. ఆయన సంతోషం చూసి నేనూ సంతోషంగా ఉన్నాను, అబద్ధమెందుకు. ఆ ఒక్క బండితో మా ఇంట్లోకి మళ్లీ మాట వచ్చింది. అది పోతే ఆయన మళ్లీ గుమ్మంలో కుర్చీలోకే. ఇంకో బండి కొనే శక్తి మాకు లేదు, ఇంకో బండి నడిపే కాలు ఆయనకు లేదు.

మా దిక్కు కొత్తదైనా పాతదైనా బండి కొంటే కొండగట్టు గుట్ట మీది ఆంజనేయుడు, మా అంజన్న దగ్గర పూజ చేయించాల్సిందే. మా ఆయనకు, ఆయనతో తిరిగిన డ్రైవర్లకు ఇంకో పట్టింపు కూడా ఉంది. మొదటి పూజకు బయల్దేరిన బండి దారిలో ఎక్కడా వెనక్కి పోకూడదు. అందుకే ముందు రోజే ముక్కు రోడ్డు దిక్కు పెట్టి నిలుపుతారు. నేనేమో ఆదివారం చర్చికి పోతాను. మా ఇంట్లో యేసు, అంజన్న ఎప్పుడూ గొడవపడలేదు, పడేది మేమిద్దరమే.

"శనివారం జనం ఉంటరు. ఘాట్ మీద ఆగి ఆగి పోవాలె. బుధవారం పోదాం," అన్నాను.

"అంజన్నకు శనివారమే," అన్నాడు. అంతే, వాదన ముగిసింది.

శనివారం పోయాం. మెయిన్ రోడ్డు వదిలి గుట్ట ఎక్కడం మొదలుపెట్టగానే బండ్ల వరుస కనబడింది. ఆటోలు, జీపులు, టెంకాయలు కట్టుకున్న కొత్త ట్రాక్టర్లు. పదడుగులు కదలడం, ఆగడం. మొదటిసారి ఆగినప్పుడే చూశాను, ఆయన కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. ఇంజను గునుస్తోంది, బండి నిలబడి ఉంది.

"కాలు తియ్యి. బ్రేక్ తొక్కు," అన్నాను.

"తీస్తే ఎనుకకు పోతది."

"ఇంతంత పోతే ఏమైతది? పోనీ హ్యాండ్‌బ్రేక్ నేను లాగుత."

"అద్దు. పూజకు పోయే బండి ఇది. అంజన్న దిక్కు పోయేది ఎనుకకు అస్తదా?"

"అంజన్న అచ్చి నీకు క్లచ్ ప్లేట్ ఏయిస్తడా?"

"నోరు మంచిగ రానియ్యి," అన్నాడు. నా దిక్కు చూడలేదు.

రెండో మలుపు దగ్గర మళ్లీ ఆగాం. చాలాసేపు. అదే కాలు, అదే గునుపు. వాసన మొదలైంది. క్లచ్ కాలిన వాసన డ్రైవర్ పెళ్లానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎదురుగా ఎర్ర లైటు వెలిగింది, బండి కీచుకీచుమని అరిచింది. నేను కూడా అరిచాను. రోజూ పిల్లల మీద, కోడళ్ల మీద, సర్కారు నౌకర్ల మీద అరిచినట్టే అరిచాను. ఇన్నేళ్లు నాకు నేర్పిన మనిషి, ఎత్తు మీద బండి ఎట్లా పట్టాలో ఊరికంతా చెప్పిన మనిషి, ఒక పిచ్చి పట్టింపు కోసం ఉన్న ఒక్క బండినీ నా కళ్ల ముందే కాల్చుకుంటున్నాడని నా మంట.

ఇంతలో బండే చేతులెత్తేసింది. గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి పడిపోయింది. ఇంజను ఒక్కసారిగా గట్టిగా మొత్తుకుంది, బండి వెనక్కి కదిలింది. అద్దంలో చూశాను. వెనుక ఆటో. ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఒక తల్లి, ఒళ్లో చిన్నపిల్ల, వెనుక ఇంకా పిల్లలు.

"బ్రేక్! బ్రేక్ తొక్కు!" అంటూ హ్యాండ్‌బ్రేకు రెండు చేతులతో గుంజాను. బండి జర్రున జారి, ఆటోకు జానెడు దూరంలో ఆగింది. ఇంజను ఇంకా మొత్తుకుంటూనే ఉంది. ఆయన కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది.

"కాలు తియ్యుమంటున్న గదా!"

"లేస్తలేదే," అన్నాడు. చాలా మెల్లగా.

"ఏంది లేస్తలేదు?"

"కాలు."

"గా ఎడమ కాలుతోని ఇప్పుడేం పని నీకు?"

"ఎడమది గాదు."

నేను ఆయన కాళ్ల దిక్కు చూశాను. తర్వాత వంగి, రెండు చేతులతో ఆయన కుడి పాదాన్ని యాక్సిలరేటర్ మీది నుంచి ఎత్తాను. బరువుగా, వదులుగా నా చేతుల్లోకి వచ్చింది. ఇంజను మొత్తుకోవడం ఆపింది. పాదాన్ని బ్రేకు మీద పెట్టి మోకాలు మీద నా అరచేయి నొక్కిపట్టాను. మునుపు రోడ్డు మీద కుక్క కనబడితే బండి కంటే ముందు కదిలిన కాలది. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ మధ్య దానికి ఇప్పుడు జరగడం చేతకాక, జరపాల్సిన పని రాకుండా ఉండాలని యాక్సిలరేటర్ మీదే పెట్టి ఉంచాడు. కోరుట్లలో కారు దిగకపోవడం, బ్రేకు ఆలస్యం కావడం, వెనక్కి పోవద్దని మొండికేయడం, అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి.

"ఎప్పటి సంది?" అని అడిగాను.

"సిరిసిల్లకు పోకముందు సంది."

"తెలిసి కొన్నవా?"

"గీ కాలు ఉన్నన్ని దినాలన్న నడుపుదామనుకున్న."

కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. "ఎనుక ఆటోల పసిపిల్లలున్నరయ్యా," అన్నాను.

"చూసిన. అద్దంల చూసిన," అన్నాడు. స్టీరింగ్ మీది నుంచి చేతులు తీసేశాడు. "ఇగ నడప."

అప్పటికే జనం చేరారు. ఎవరో చక్రాల వెనుక రాళ్లు పెట్టారు. ఒకతను కిటికీలోకి వంగి, "ఏమైందన్నా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన తల బయటపెట్టి గట్టిగా చెప్పాడు.

"క్లచ్ పోయింది తమ్మీ. పాత బండి గదా."

ఆయన్ను ఇద్దరు మనుషులు లేవదీసి ఇటుపక్క సీట్లో కూర్చోబెట్టారు. ఎడమ కాలు బాగాలేదని చూడగానే తెలుస్తుంది కాబట్టి కుడి కాలు గురించి ఎవరూ ఆలోచించలేదు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. వెనుక బండ్లను జరిపించి, రాళ్లు తీయించి, బ్రేకును కొద్దికొద్దిగా వదులుతూ బండిని వెనక్కి దింపాను. పైకి పోయే బండ్లలోంచి జనం వింతగా చూశారు. ఎవడో ఈల కూడా వేశాడు. ఆయన అద్దంలో చూడలేదు, వెనక్కి తిరగలేదు, గుట్ట దిక్కే చూస్తూ కూర్చున్నాడు. మలుపు కింద వెడల్పు జాగాలో ఆపాక, "బిడ్డలకు చెప్పు, తప్పదు. బయట మాత్రం ఎవ్వలకు చెప్పకు. క్లచ్ పోయిందనే చెప్పు," అన్నాడు. సరే అన్నాను. ఆ పూట వాదించే ఓపిక నాలో లేదు.

డాక్టర్ల దగ్గరికి తిరిగాం, నడుములో ఒత్తుడు ఇప్పుడు కుడి కాలుకూ పాకిందన్నారు. మళ్లీ ఆపరేషన్ అంటే ఈసారి ఏదీ గట్టిగా చెప్పలేమన్నారు. ఆయన వద్దన్నాడు. ఇప్పుడు వాకర్ పట్టుకుని ఇంట్లో నడుస్తాడు. షట్టరు గది దాకా నేనే కారులో తీసుకుపోతాను. కొత్తగా చేరినవాళ్లకు చార్టు ముందు కూర్చుని గుర్తులు చెబుతాడు. కోపం తగ్గింది. అది కూడా నాకు నచ్చడం లేదు.

ఎర్ర బండిని కరీంనగర్ పంపాం. అక్కడి మెకానిక్ హైదరాబాద్ నుంచి ప్లేటు తెప్పించి వేశాడు. నెల తిరక్కుండానే బండి వచ్చేసింది. ఇంటి వెనుక రేకుల కింద, పరదా కప్పి పెట్టాం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక గేటు మూసి ఒకసారి స్టార్ట్ చేస్తాను, బ్యాటరీ చచ్చిపోకుండా. చక్కగా ఉంది. ఇప్పుడు దాన్ని ఏ ఎత్తైనా ఎక్కించొచ్చు. అమ్మేద్దామా అని నేను అడగలేదు, ఆయన అనలేదు.

ఊళ్లో మాత్రం అందరూ ఆయన్ను ఎగతాళి చేస్తారు. బరాతుల బండి కొని మోసపోయిండంటారు, అంత తిరిగిన డ్రైవర్‌కు క్లచ్ చూసి కొనుడు తెల్వదా అంటారు. ఒకప్పుడు గేరు వేసే పద్ధతి మీద మాట అంటే బండి ఆపి దిగి తగాదాకు పోయే మనిషి. ఇప్పుడు అవునవును అని నవ్వుతాడు. ఆ నవ్వు వింటుంటే నాకు బ్రిడ్జి ఎత్తు మీద రోజంతా నేర్పినదానికంటే ఎక్కువ అలసట వస్తుంది.

మొన్న కోరుట్ల నుంచి ఆయన దోస్తు ఒకాయన పని మీద జగిత్యాల వచ్చి మా దగ్గర ఆగాడు. ముగ్గురం షట్టరు ముందు కూర్చుని టీ తాగుతున్నాం. "ఏందన్నా, ఇంక క్లచ్ రాలేదా?" అన్నాడు. మా ఆయన గ్లాసు కింద పెట్టి నా దిక్కు చూశాడు.

"యాడ అస్తది అన్నా, పాత మోడలాయె. హైదరాబాద్‌ల అడుగుతనే ఉన్నం," అన్నాను.

"అచ్చినంక మొదలు మా అడ్డా మీదికే రావాలె మల్ల," అన్నాడాయన.

"గంతేనాయె. అది రానియ్యి, అస్త," అన్నాడు మా ఆయన.